చిన్న ఈరన్న పన్నెండో కుక్క

కల్లూరు కొత్త కాలనీల్లో చిన్న ఈరన్న చేసిన గేటును గుర్తుపట్టడం తేలిక. తీస్తే కిర్రుమనదు, వేస్తే ఢామ్మనదు. ఎట్లా చేశావని అడిగితే ఆయన గేటును ఒక్క వేలితో నెట్టి చూపిస్తాడు.

ముప్పై ఏళ్ల కిందట కౌతాళం పక్కనున్న ఒక పల్లె నుంచి వచ్చాడు. వరసగా మూడేళ్లు వానల్లేక వాళ్ల నాయన గొర్రెల మందను అమ్మేశాడు. ఈరన్న వచ్చి వెల్డింగ్ అంగడిలో ఇనుము మోసే కూలీగా చేరాడు. మేస్త్రీ చేతిని చూసి చూసి పని పట్టుకున్నాడు. ఇది ఇట్లా, అది అట్లా అని నేర్పినవాళ్లు లేరు. కుక్కలకు పని నేర్పడం కూడా ఆయనకు అట్లానే వచ్చింది. చిన్నప్పుడు మంద వెనక తిరుగుతూ, ముసలి కుక్క పక్కన పిల్లకుక్క ఎట్లా తయారవుతుందో చూశాడు.

"కుక్క మాట వినదప్పా. చేత చూస్తాది." కుక్కల శాస్త్రమంతా ఆయనకు ఆ రెండు ముక్కలే. గేట్లు చేస్తూనే ఇప్పటికి పదకొండు కుక్కలకు కాపలా నేర్పాడు. రాళ్ల ఫ్యాక్టరీలకు నాలుగు, గోడౌన్లకు అయిదు, తోటలకు రెండు. ఒక్కటీ చెడిపోలేదు.

ఈ ఏడు సంక్రాంతికి ముందే కళ్ల డాక్టరు ఆయన రెప్పలు ఎత్తి చూసి, ఈ వెల్డింగ్ మంట ఇంకొక్క ఏడాది చూస్తే ఆ తర్వాత చూడ్డానికి ఏమీ ఉండదని చెప్పాడు. ఇంటికొచ్చి ఆ మాటే పెండ్లాం మహాదేవమ్మకు చెప్పాడు.

"అట్లయితే నా మొగం బాగ చూసి గ్యాపకం పెట్టుకో" అంది ఆమె, రొట్టె తడుతూ. "మళ్ల నేను ముసల్దాన్నయింది నీకు తెల్చకుండా పోతాది. నాకు అదే మేలు."

ఆ రాత్రి ఆమె అన్నం తినలేదని ఈరన్న గమనించాడు. వెల్డింగ్ మానేస్తే కుక్కల పని ఒక్కటే మిగులుతుంది. కానీ ఏడాదికొక కుక్క వస్తే ఇల్లు గడవదు.

సరిగ్గా అప్పుడే పెంచలయ్య శెట్టి పిలిపించాడు. ఆయనది రాజంపేట పక్క ఊరు. కర్నూలు పాతబస్తీలో స్టీలు పాత్రల అంగడి పెట్టి, ఈమధ్యే కల్లూరులో ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటి గేటు ఈరన్న చేసిందే. కాలనీ సంఘానికి ఆయనే అధ్యక్షుడు.

"ఈరన్నా, మా కాలనీలో ముప్పై ఆరు ఇండ్లు ఉండాయి" అన్నాడు పెంచలయ్య. "ముప్పై ఆరు మందికీ దొంగల బయమే. ముందు నా ఇంటికి ఒక కుక్కను తయారు చెయ్యి. అది సరిగ్గా వచ్చిందంటే ఇంటికొక కుక్కను నీ చేతిలో పెట్టించే పూచీ నాది. చెడిందా, ఈ కాలనీలో కుక్క అనే మాట ఎత్తొద్దు. గేట్లు చేసుకుంటా ఉండు."

గేట్లు చేసుకుంటూ ఉండడానికే కదా కళ్లు లేనిది. ఆ సంగతి ఈరన్న ఆయనకు చెప్పలేదు. "సరే శెట్టన్నా" అన్నాడు.

మరుసటి ఆదివారం తన పల్లెకు పోయి, గొర్రెలవాళ్ల ఇంట్లో ఈనిన కుక్కపిల్లల ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక తాడు చుట్టను నేల మీద ఈడ్చాడు. నాలుగు పిల్లలు తాడును కొరికాయి. ఒకటి పారిపోయింది. చారల పిల్ల ఒకటి మాత్రం తాడు కంటే ముందుకు పోయి, దారికి అడ్డంగా కూర్చుంది. దాన్ని సంచిలో పెట్టుకుని వచ్చాడు. పెంచలయ్య దానికి భైరవుడని పేరు పెట్టి బొట్టు పెట్టాడు. భైరవుడు ఆ బొట్టు పెట్టిన వేలిని నాకేసింది.

ఈరన్న నేర్పే పద్ధతిలో కరవడం లేదు. కరిస్తే దొంగ పారిపోతాడు, మళ్లీ వస్తాడు. కూర్చోబెడితే దొరుకుతాడు. గోడ దూకినవాడు ఎవడైనా సరే, ఇంటి యజమానే అయినా సరే, కుక్క వాని పిక్కను మూతితో నెట్టుకుంటూ పోయి వాకిట్లోని నాపరాతి బెంచీ మీద కూర్చోబెట్టాలి. లేవబోతే పళ్లు చూపించాలి. ఈరన్న స్పానరుతో ఇనుప పైపు మీద మూడుసార్లు కొడితే వదలాలి. మందలో గొర్రెను మళ్లించే జాతి కాబట్టి మూతితో నెట్టడం భైరవుడికి పుట్టుకతోనే వచ్చింది. మిగతాది ఈరన్న నేర్పాలి.

దొంగ వేషం ఓబులేష్‌ది. ఈరన్న అంగడిలోనే గ్రైండింగ్ పని చేసే నలభై ఏళ్ల మనిషి. కాళ్లకు గోనెపట్టా చుట్టుకుని రోజూ పొద్దున నాలుగైదుసార్లు గోడ దూకేవాడు.

అక్కడే పెంచలయ్య భార్య నాగరత్నమ్మ సంగతి చెప్పుకోవాలి. ఆమె ఇంటి వాకిలి తొక్కిన మనిషి గొంతు తడుపుకోకుండా తిరిగి పోవడం ఇంతవరకూ జరగలేదు. గ్యాస్ బండ తెచ్చినవాడు, మీటరు చూసేవాడు, ఇల్లు తప్పి వచ్చినవాడు, అందరూ ఆ నాపరాతి బెంచీ మీద కూర్చుని, ఉప్పూ అల్లమూ వేసిన మజ్జిగ ఒక స్టీలు గ్లాసెడు తాగి పోవాల్సిందే. పాత్రల అంగడి ఇల్లు కాబట్టి గ్లాసులకు కరువు లేదు.

"పాపం, ఆ మనిషి పొద్దన్నుంచి గోడలెక్కి దిగుతాండాడు" అని ఆమె ఓబులేష్ కోసం గ్లాసు పట్టుకుని జాలీ తలుపు వెనక నిలబడేది. ఈరన్న స్పానరుతో మూడు దెబ్బలు కొట్టగానే, పని అయిపోయిందని తలుపు తీసుకుని వచ్చేది. ఓబులేష్‌కు మజ్జిగ, కుక్కకు పిడికెడు బొరుగులు.

"నువ్వు కూడా తాగు ఈరన్నా."

"వద్దక్కా. పని నేర్పే ఇంట్లో నోట్లో ఏమీ వేసుకోను. ఎన్నో ఏండ్ల పట్టుదల. కుక్కకు నేను సుట్టంలెక్క కనపడకూడదు."

"కుక్కకు యెట్ల కనపడితే ఏమి? నాకు మనసు కష్టంగుండాది కదప్పా. ఇంటికొచ్చినోడు ఉత్త నోటితో పోతే ఇల్లు ఇల్లేనా?"

"వద్దులే అక్కా" అని ఈరన్న స్పానరు తుడుచుకునేవాడు.

మూడు దెబ్బలు పడగానే భైరవుడు ఓబులేష్‌ను వదిలేసేది. చెవులు స్పానరు వైపు నిక్కబొడుచుకుని ఉన్నాయి కదా అని ఈరన్న తృప్తిపడ్డాడు. దాని ముక్కు ఎటువైపు తిరిగి ఉందో చూడలేదు. చేతను మాత్రమే చూస్తానని చెప్పుకునే మనిషి చూడకుండా వదిలేసింది ఆ ఒక్కటే.

అయిదు నెలలు గడిచాయి. పరీక్షకు ఒక ఆదివారం పొద్దున పెట్టుకున్నారు. కాలనీ పెద్దలు ఆరుగురు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ఈ పూట బయటికి వచ్చి పని చెడగొట్టొద్దని పెంచలయ్య భార్యకు గట్టిగా చెప్పాడు.

ఓబులేష్ గోడ దూకాడు. భైరవుడు చప్పుడు లేకుండా వెళ్లి పిక్క మీద మూతి ఆనించి, బెంచీ దాకా నెట్టుకుపోయి కూర్చోబెట్టింది.

"మొరగదా?" అన్నాడు పెంచలయ్య.

"మొరిగితే దొంగకు తెల్చిపోతాది శెట్టన్నా."

"తెలిస్తేనే కదప్పా వాడు పోయేది!"

ఈరన్న స్పానరు తీసి పైపు మీద మూడు దెబ్బలు కొట్టాడు. ఓబులేష్ లేచాడు. భైరవుడు పళ్లు చూపించింది. ఓబులేష్ కూర్చున్నాడు. మళ్లీ మూడు దెబ్బలు. మళ్లీ పళ్లు. ఈరన్న కొడుతూనే ఉన్నాడు. కాలనీ పెద్దల్లో ఒకాయన, ఇది కుక్కకు నేర్పడమా, గేటు రిపేరా అని పక్కాయనను అడిగాడు.

"అన్నా, నాకు ఇంటికాడ పనుండాది" అన్నాడు ఓబులేష్, ముప్పావు గంట తర్వాత.

జాలీ తలుపు వెనక నాగరత్నమ్మ ఇక ఓర్చుకోలేకపోయింది. మొగుడి కళ్లు చూడకుండా గ్లాసు తెచ్చి ఓబులేష్ చేతిలో పెట్టింది. అతను గుటగుటా తాగాడు. భైరవుడు లేచి, తోక ఊపుతూ పక్కకు తప్పుకుని, గేటు దాకా సాగనంపింది.

భైరవుడు వదిలేది స్పానరు దెబ్బకు కాదు, మజ్జిగ గ్లాసుకని అందరికీ అర్థమైంది. ఈరన్నకు అందరికంటే ముందు అర్థమైంది.

"ఇది కుక్కా, పెండ్లిపెద్దా?" అని అరిచాడు పెంచలయ్య. "వచ్చినోన్ని కూచోబెట్టి, మజ్జిగ తాపి, గేటు దాక వచ్చి పంపుతాది! రేప్పొద్దున దొంగకు తాంబూలం కూడా ఇస్తాదేమో!"

ఈరన్న పది రోజులు గడువు అడిగాడు. పెంచలయ్య వినలేదు. "మంగళవారం మేము రాజంపేటకు పెండ్లికి పోతాండాము. బుధవారం సాయంత్రం వస్తాము. ఆ రెండు దినాలు గేటు సందులోంచి దీనికి ఇంత కూడు పెట్టు. వచ్చినంక తోలుకపో. నా మాట నీకు గుర్తుండాది కదా? ఇంక ఈ కాలనీలో కుక్క మాట లేదు."

బుధవారం మధ్యాహ్నం మూడున్నరకు ఈరన్న సద్ద సంకటి క్యారియరుతో మోపెడ్ మీద వచ్చాడు. ఎండకు వీధిలో పిట్ట కూడా లేదు. గేటుకు తాళం వేసినట్టే ఉంది. లోపల ఇంటి తలుపు మాత్రం జానెడు తెరిచి ఉంది.

ఈరన్న మోపెడ్ దిగాడు. మోపెడ్‌ను, సంచిని, సంచిలోని ఫోనును, స్పానరును రోడ్డు మీదే వదిలి, దొంగను వెనక నుంచి పట్టుకుందామని పక్క ఖాళీ ప్లాటులోకి పోయి గోడ దూకాడు.

"రాన్నా, కూచో" అన్నారెవరో.

నాపరాతి బెంచీ మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. నలభై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, ఒళ్లో ఫైలు. చూస్తే ఏదో సర్వే చేసేవాడిలా ఉన్నాడు. పక్కన ఒక గిన్నె నిండా మజ్జిగ, మూడు గ్లాసులు. ఆయన నడుము దగ్గర చొక్కా ఎత్తుగా ఉంది.

ఈరన్న అతని మీదికి ఉరకబోయాడు. అంతలో పిక్కకు తడిగా ఏదో తగిలింది.

"భైరవా! నేనురా!"

భైరవుడికి తెలుసు. తోక ఊపింది. ఊపుతూనే నెట్టింది. గోడ దూకినవాడు ఎవడైనా సరే అని నేర్పింది ఈరన్నే కదా. రెండు నిమిషాల్లో ఆయన కూడా బెంచీ మీద ఉన్నాడు. వేలి ఉంగరంతో రాతి మీద మూడుసార్లు కొట్టి చూశాడు. కుక్క ఆవలించింది.

"ఎప్పటి నుంచి ఉండావు ఈడ?" అన్నాడు ఈరన్న చివరికి.

"ఒంటిగంట నుంచి. గోడ దిగంగానే కూచోబెట్టింది. ఇంటి తలుపు దిక్కు పోతే మాత్రం ఏమీ అన్లేదు, ఏమన్నా తెచ్చేదుంటే తెచ్చుకో అన్నట్ల చూసింది. గేటు దిక్కు, గోడ దిక్కు అడుగెయ్యనీదు. బిస్కెట్లేసినా. తినింది, మళ్ల కూచోబెట్టింది." దొంగ మెల్లగా గిన్నె చూపించాడు. "దప్పికై ఫ్రిజ్జులో ఈ మజ్జిగ తీసుకున్న్యా. అది చూసి తోక ఊపింది. అయితే నా చేత్తో నేను తాగితే లెక్కలేదంట. ఇంకొకరు ఇయ్యల్లంట దీనికి. నువ్వు దేవునిమాదిరి వచ్చినావన్నా. ఒక గ్లాసు వంచి ఇయ్యి."

"నువ్వే నాకియ్యి. పోయి పోలీసులను పిల్చుకొస్తా."

"అదెట్లయితాదన్నా?"

"మరి నాదెట్లయితాది?"

ఇద్దరూ మజ్జిగ గిన్నెను చూస్తూ కూర్చున్నారు. మజ్జిగ చుట్టూ ఈగలు తిరుగుతున్నాయి. ఈరన్న నాలుగు కేకలు వేశాడు. చుట్టూ ఖాళీ ప్లాట్లు, ఉన్న రెండిళ్లలో కూలర్ల మోత. దొంగ కూడా సాయంగా ఒక కేక వేశాడు. ఎవరూ రాలేదు.

"ఫోను లేదా నీకు?" అన్నాడు ఈరన్న.

"పనికి ఫోను తీసుకపోను. ఈ గేటు ఎవరు చేసినారో తెలుసా నీకు?"

"ఎందుకు?"

"గడియ కొక్కేన్ని లోపలికి తిప్పి అతికించినాడు. ఇన్నేండ్లలో ఇట్లాంటి చెయ్యి చూడలేదు. దీంతో నా వల్ల కాదని గోడెక్కినా. గోడ కట్టినోడు మాత్రం ఉత్తోడు."

ఈరన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు. మెప్పు ఎవరిదైనా చెవికి ఒకేలా ఉంటుంది. అటు తిరిగే అడిగాడు: "ఇంటి తాళం ఎట్ల తీసినావు?"

దొంగ జేబులోంచి తాళం తీసి ఇచ్చాడు. ఈరన్న దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని తిప్పి తిప్పి చూశాడు. ఒక్క గీత పడలేదు.

"ఎవరు నేర్పినారు?"

"ఎవరూ నేర్పలే. చూసి నేర్చుకున్న్యా."

ఈరన్న తాళాన్ని చొక్కాతో తుడిచాడు. తిరిగి ఇచ్చేశాడు. దుడ్లున్న ఇళ్లు ఇన్ని ఉండగా ఈ ఇల్లే ఎందుకు పట్టుకున్నావని మాత్రం అడిగాడు. కుక్క మొరగలేదు కదా, లేదనుకున్నానని దొంగ చెప్పాడు. పెంచలయ్య మాట గుర్తొచ్చి ఈరన్న నిట్టూర్చాడు.

ఆరు గంటలకు కారు వచ్చి ఆగింది. గేటు చప్పుడు చెయ్యకుండా తెరుచుకుంది. ముందు నాగరత్నమ్మ, వెనక రెండు పెట్టెలూ లడ్ల బుట్టా పట్టుకున్న పెంచలయ్య.

నాగరత్నమ్మకు బెంచీ మీద ఇద్దరు మనుషులు కనిపించారు. వాళ్ల పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఆమె ఇంకేమీ చూడలేదు.

"అయ్యో! ఎంతసేపయిందప్పా వచ్చి? ఇంట్లో మనిషి లేక ఎండన పడినారే!" చేతిసంచి కింద పడేసి, గిన్నెలోంచి రెండు గ్లాసులు వంచి, ఒకటి దొంగ చేతిలో, ఒకటి ఈరన్న చేతిలో పెట్టింది.

"అక్కా, దొంగ! ఈయప్ప దొంగ!"

"ఎవరైతే ఏమి, ముందు గొంతు తడుపుకోనీ ఈరన్నా!"

దొంగ ఒక్క గుక్కలో తాగాడు. భైరవుడు లేచి దారి ఇచ్చింది. ఈరన్న చేతిలో గ్లాసుతోనే లేవబోయాడు. కుక్క ఆయన పిక్కను నెట్టి మళ్లీ కూర్చోబెట్టింది.

"పట్టుకోండి!" అని పెంచలయ్య అరిచాడు, పెట్టెలు అడ్డం పెట్టుకుని. "భైరవా, కరిచెయ్! కరిచెయ్ రా!" భైరవుడికి ఆ మాట ఎవరూ నేర్పలేదు. దొంగకు తోడుగా గేటు దాకా నడిచింది.

గేటు దగ్గర దొంగ ఆగాడు. వెనక్కు తిరిగాడు.

"అక్కా, మజ్జిగలో ఉప్పు మీ చేత్తో వేసిందేనా?"

"పెండ్లికి పోయే ముందే వేసి పెట్టినాను కదప్పా. చాలలేదా?"

"చాలిందిలే." ఆయన ఉసూరుమంటూ వచ్చి, నడుముకు కట్టిన గుడ్డ విప్పి బెంచీ మీద పెట్టాడు. ఒక హారం, నాలుగు గాజులు, వెండి కుంకుమ భరిణె. "నా అంతట నేను తీసుకోని తాగితే అది దొంగతనం. నా వృత్తి. మీరు చేతికిచ్చినంక తాగినా. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే పని మా నాయన కూడా చెయ్యలేదు." తాళాన్ని ఆ గుడ్డ మీద పెట్టి, ఫైలు చంకన పెట్టుకుని పోయాడు.

ఈరన్న గ్లాసును చూశాడు. భైరవుడు ఈరన్నను చూసింది. ఎన్నో ఏళ్ల పట్టుదలను ఆయన మూడు గుటకల్లో తాగేశాడు. రోడ్డు మీదికి పరిగెత్తేసరికి దుమ్ము తప్ప ఎవరూ లేరు.

పెంచలయ్య ఫిర్యాదు రాద్దామని కాగితం తీశాడు. పోయిన వస్తువుల దగ్గర కలం ఆగింది. పోయినవి రెండు గ్లాసుల మజ్జిగ. కాగితం మడిచేసి సొమ్ములను ఒకసారి, కుక్కను ఒకసారి చూశాడు. ఆయన మొహం మెల్లగా మారింది.

"ఏమప్పా ఈరన్నా! దొంగతోనే సొమ్ము తిరిగి పెట్టించే కుక్క యాడన్నా ఉండాదా? ఎట్ల నేర్పినావు? రేపే సంఘం పిలుస్తా. ముప్పై ఆరు ఇండ్లకూ నేను చెప్తా."

ఈరన్న అవునంటే చాలు. మహాదేవమ్మ మళ్లీ కడుపు నిండా తింటుంది, ఆయన మళ్లీ మంట చూడక్కర్లేదు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ గేటు సరిగ్గా అతకకపోతే అతికిందని ఆయన ఏనాడూ చెప్పలేదు.

"కూచోబెట్టేది నేను నేర్పినా శెట్టన్నా. వదిలేది అక్క నేర్పింది. నేను కొట్టిన స్పానరు దెబ్బ దీనికి ఎక్కనే లేదు. నా లెక్కలో పన్నెండోది తప్పింది. ఇది అక్క తయారు చేసిన కుక్క."

"నేనేం చేసినానప్పా?" అంది నాగరత్నమ్మ. "మజ్జిగిచ్చినా, అంతే."

"దినామూ ఇచ్చినావు కదక్కా. అదే."

పెంచలయ్య మడిచిన కాగితాన్ని జేబులో పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్లుగా అంగడి నడుపుతున్నాడు. తన సరుకులో లోపం తానే చెప్పిన మనిషిని ఇంతవరకు చూడలేదు. మరుసటి ఆదివారం సంఘంలో ఆయన కుక్క గురించి తక్కువా, ఈ మాట గురించి ఎక్కువా చెప్పాడట. సాయంత్రానికి తమకూ కుక్క కావాలని నలుగురు వచ్చి ఈరన్న ఇంటి ముందు నిలబడ్డారు.

"దొంగ పక్కన రెండున్నర గంటలు కూచుని పేరన్నా అడగలేదా?" అంది మహాదేవమ్మ, వాళ్లు పోయాక.

"అడిగినా. చెప్పలే."

"నువ్వు మజ్జిగ తాగినావంటే నమ్మేది ఎవరు?" అని ఆమె రెండో రొట్టె వేసుకుంది.

ఇప్పుడు ఈరన్న కొత్త ఇల్లు ఒప్పుకునే ముందు ఒక పని చేస్తాడు. యజమాని లేని వేళ చూసి పోయి, తానెవరో చెప్పకుండా వాళ్ల మెట్టు మీద ఊరికే కూర్చుంటాడు. ఎవరు వస్తారు, ఏమంటారు, ఏం చేస్తారు అని చూస్తాడు. మొదటి ఇంట్లో తరిమేశారు. అక్కడ తరిమే కుక్క చక్కగా తయారైంది. రెండో ఇంట్లో ముసలాయన వచ్చి ఆపకుండా మాట్లాడాడు. ఆ ఇంటి కుక్క మొరిగితే వీధంతా నిద్ర లేస్తుంది. మూడో ఇంట్లో ఆయన గంటసేపు కూర్చున్నా లోపల టీవీ మోగుతూనే ఉంది, ఎవరూ బయటికి రాలేదు. ఆ ఇంటాయనకు ఫోన్ చేసి, మీకు కుక్క వద్దు, మంచి తాళం చాలు అని చెప్పాడు.

వెల్డింగ్ అద్దాలు అంగడిలో మేకుకు వేలాడుతున్నాయి. ఓబులేష్ వాటిని పెట్టుకుని గేట్లు చేస్తున్నాడు. అవి కొంచెం కిర్రుమంటాయి.

వారానికొకసారి ఈరన్న పెంచలయ్య ఇంటికి పోతాడు. గేటు గుండానే పోతాడు, స్పానరు లేకుండా పోతాడు. అయినా భైరవుడు వచ్చి పిక్క మీద మూతి ఆనిస్తుంది. ఆయన ఎదురు చెప్పకుండా పోయి నాపరాతి బెంచీ మీద కూర్చుని, జాలీ తలుపు వైపు చూస్తాడు.